మెదడు కోటకు దిడ్డివాకిలి

కొంతకాలము క్రిందట ఒక మిత్రుని వెంట మేము ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డునకు పోయియుంటిమి. అచ్చట ఆరేడేండ్ల బాలుని ఒడిలో పరుండబెట్టుకొని ఒక తల్లి కూర్చుండియున్నది. బాలునకు రక్తపు క్యాన్సరు. వైద్యుడు వచ్చి, మరునాటి ఉదయము పిల్లవానికి వెన్నులో సూది వేయవలసియున్నదని చెప్పెను. ఆ తల్లి ఒక్క క్షణము ఊరకుండి, "చేతికి ఎక్కిస్తూనే ఉన్నారు గదయ్యా, ఆ మందే గదా ఇదీ! నెత్తురు ఒళ్ళంతా తిరిగేదే గదా, తలకాయకు మాత్రం పోదా? మళ్ళీ వెన్నులో పొడవడమెందుకు?" అని అడిగినది. వైద్యుడు తొందరలో ఉండెను. "తలకు సరిగా ఎక్కదమ్మా, అందుకే" అని చెప్పి, పక్క మంచము దగ్గరకు సాగిపోయెను.

ఆ తల్లి చదువుకొన్నది కాదు. కాని ఆమె అడిగిన ప్రశ్న నూరేండ్లకు పైగా గొప్ప శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న. దానికి సమాధానమును, ఆ సమాధానము నుండి నేడు పుట్టుచున్న ఒక క్రొత్త చికిత్సను శ్రోతలకు వివరించుటయే మా ఉద్దేశ్యము.

నెత్తురు తలకు పోవుననుటలో సందేహము లేదు. మనిషి బరువులో మెదడు నూటికి రెండు వంతులు మాత్రమే. అయినను గుండె పంపెడి రక్తములో ఇంచుమించు ఏడవ వంతు దానికే చెల్లుచున్నది. రక్తము పోవును గాని, రక్తములో కలిసి వచ్చిన సమస్తమును లోనికి పోదు. గుమ్మము వరకు వచ్చి వెనుకకు మరలిపోవును.

ఆ బాలునకు ఇచ్చుచున్న మందు పేరు మెథోట్రెక్సేట్. ఈ మందు కథలో తెలుగువాని చేయి కలదు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయములో ఒక బృందమునకు నాయకులై, ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని చెరచెడి పదార్థములను సిద్ధము చేయించిరి. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టన్ నగరములో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడుచున్న 16 మంది పిల్లలకు ఇచ్చి, వారిలో 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను. అంతవరకు ఆ వ్యాధికి గుణమన్న మాటయే లేదు. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కన్నుమూసిరి. మెథోట్రెక్సేట్ ఆ మందునకు తోబుట్టువు వంటిది.

అయితే తరువాతి సంవత్సరములలో వైద్యులకు ఒక దుఃఖకరమైన అనుభవము కలిగినది. మందుల వలన పిల్లల రక్తము శుభ్రపడెడిది. తల్లిదండ్రులు సంతోషముతో ఇండ్లకు పోయెడివారు. కొన్ని నెలలకు బిడ్డకు తలనొప్పి, వాంతులు. పరీక్షించి చూచినచో రోగకణములు మెదడు పైపొరలలో దాగియున్నవి! రక్తములో మందు ఉన్నంతకాలము ఆ కణములు మందు అంటని చోట తలదాచుకొన్నవన్నమాట. అందుచేతనే మందును నేరుగా వెన్నులోని ద్రవమునకు అందించెడి పద్ధతి వచ్చినది. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానములో మొదటి సగము ఇది. మెదడు చుట్టును ఒక కోట కలదు.

ఈ కోట ఉన్నదని మొట్టమొదట తెలిపినవి రంగులు. 1885లో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తములోనికి రంగులు ఎక్కించి చూచెను. శరీరములోని అవయవములన్నియు రంగు పట్టినవి. మెదడును వెన్నుపామును మాత్రము తెల్లగనే మిగిలినవి. మెదడునకు రంగును పట్టెడి గుణము లేదేమోనని ఎర్లిక్ తలంచెను. ఆ తలంపు పొరపాటని ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో నిరూపించెను. ఆయన రంగును రక్తములో గాక, మెదడును వెన్నుపామును తడుపుచుండెడి ద్రవములో కలిపెను. అప్పుడు మెదడు నీలమైనది. మిగిలిన శరీరము తెల్లగా నిలిచినది. మెదడునకు రంగు పట్టుగుణము లేకపోలేదు; నడుమ ఏదో అడ్డు ఉన్నదని దీని వలన స్పష్టమైనది. 1921లో జెనీవాలో పనిచేయుచుండిన లీనా స్టెర్న్ అను శాస్త్రజ్ఞురాలు దానికి పేరు పెట్టినది. మన భాషలో రక్త-మస్తిష్క అవరోధమని చెప్పుకొనవచ్చును.

కోట యనగానే మెదడు చుట్టును ఒక గోడ ఉండుననుకొనరాదు. ప్రతి రక్తనాళమునకు దాని గోడయే కోటగోడ. మెదడులోని కేశనాళికలన్నిటిని కొసలు కలిపి చాచినచో సుమారు 600 కిలోమీటర్లుండునని అంచనా. అనగా హైదరాబాదు నుండి విశాఖపట్టణము వరకు పరచినంత పొడవు. శరీరములో ఇతర స్థలములందు ఈ సన్నని నాళముల గోడ కణముల నడుమ సందులుండును. ఆ సందులగుండ పదార్థములు బయటికి ఊరును. మెదడులోనో, గోడ కణములు ఒకదానితో నొకటి కుట్టువేసినట్లు బిగిసియుండును. 1967లో థామస్ రీస్, మారిస్ కర్నోవ్‌స్కీ అను వారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఈ బిగింపును కన్నులార చూచి ప్రకటించిరి.

ఈ గోడ అన్నిటిని అడ్డగించిన మెదడు బ్రతుకజాలదు. ప్రాణవాయువు పోవును. క్రొవ్వులో కరగెడి చిన్న పదార్థములు పోవును. ఉదయము త్రాగిన కాఫీలోని కెఫీన్ పోయి మనలను మేలుకొలుపునది ఇందువలననే. చక్కెరకు ప్రత్యేకముగా వాహకము కలదు. కొన్నిటిని లోనికి రాగానే మెడబట్టి వెనుకకు గెంటెడి కావలివాండ్రును కలరు. ఈ కట్టుదిట్టముల ఫలితముగా, మనము మందులుగా వాడెడి చిన్న అణువులలో నూటికి 98 వంతులు మెదడులోనికి తగినంతగా పోజాలవని ఈ విషయమున పరిశ్రమించినవారు లెక్కకట్టిరి. పెద్ద అణువుల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇట్లు చెప్పగా ఈ అవరోధము వైద్యునికి శత్రువని శ్రోతలు తలంపవచ్చును. కాదు. మనము తిన్న ప్రతి కూర, సోకిన ప్రతి సూక్ష్మజీవి, రక్తములో క్షణక్షణము మారెడి లవణముల పాళ్ళు, ఇవి యన్నియు నేరుగా మెదడును తాకినచో తలంపు అనునది నిలువదు. కోట మనకొరకే కట్టబడినది. చిక్కు ఎక్కడ వచ్చుననగా, శత్రువు కోటలోపలనే పుట్టినప్పుడు. మెదడులోనే కణితి లేచినప్పుడు, లేక ఇతర అవయవము నుండి రోగకణము వచ్చి అచ్చట స్థిరపడినప్పుడు, లోనున్న శత్రువును కొట్టుటకు బయటనున్న సైన్యము పోవలెను. కోట తలుపు స్నేహితుని శత్రువును ఒక్కటిగనే నిలుపుచున్నది. కణితి నడుమ ఈ గోడ కొంత శిథిలమగును గాని, అంచులలో, ఆరోగ్యముగా నున్న భాగములోనికి వేళ్ళు తన్నిన రోగకణముల చుట్టును గోడ చెక్కుచెదరక యుండును. శస్త్రవైద్యుడు కణితిని తీసినను ఆ వేళ్ళు మిగిలిపోవును. మరల మొలచునది వాని నుండియే.

మరి వెన్నులో సూది ఇందుకు చాలదా? చాలదు. వెన్నుద్రవములో కలిపిన మందు మెదడు ఉపరితలమును తడుపును. లోతునకు కొన్ని మిల్లీమీటర్లకు మించి ఇంకదు. పైపొరలలో దాగిన రక్తపు క్యాన్సరు కణములకు అది సరియైన ఆయుధమే. లోతున నున్న కణితికి కాదు. మెడలోని ధమనిగుండ చిక్కని మానిటాల్ ద్రావణమును పంపి నాళకణములలోని నీటిని లాగి, సందులు విడునట్లు చేయు పద్ధతి ఒకటి కలదు. దానితో కోటలో ఒకవైపు తలుపులన్నియు ఒక్కసారిగా తెరచుకొనును. కావలసిన చోటున మాత్రమే తెరచుట దానికి చేతకాదు. పుర్రెను తొలిచి మందును స్వయముగా లోన పెట్టుటయు కలదు. అందలి కష్టము చెప్పనక్కరలేదు.

కావలసినది పెద్ద తలుపు తీయుట కాదు. పాత కోటలలో మహాద్వారపు తలుపునకే చిన్న దిడ్డివాకిలి ఉండెడిది. రాత్రివేళ ఒక్క మనిషిని రానిచ్చి వెంటనే మూసెడివారు. మెదడు కోటకును అట్టి దిడ్డి యొకటి కావలెను. అది మనము కోరిన చోటున, కోరిన వేళ, కొలది గంటలు మాత్రము తెరచుకొని, తనంతట తాను మూసికొనవలెను. ఇన్ని షరతులకు ఒప్పుకొన్న సాధనము ధ్వని.

మనిషి చెవికి సెకనుకు 20 వేల కంపనములకు మించిన ధ్వని వినబడదు. అంతకు మించినదానిని శ్రవణాతీత ధ్వని యందురు. వైద్యులు అల్ట్రాసౌండ్ అనునది ఇదియే. గర్భిణీ స్త్రీల కడుపులోని శిశువును చూచుటకు దీనిని వాడుట నేడు పల్లెలలోను తెలిసినదే. ఈ ప్రసంగమును మీ యింటికి తెచ్చుచున్న రేడియో తరంగములు వేరు, ఇవి వేరు. ఇవి పదార్థమును అదలించుచు పోవు నిజమైన ధ్వనులే. భూతద్దముతో ఎండను ఒక్క చుక్కగా కూర్చి కాగితమును కాల్చు ఆట మనమందరము చిన్ననాడు ఆడినదే. అద్దము దగ్గర ఎండ చేతిని కాల్చదు. కూడిన చోట మాత్రమే కాల్చును. ధ్వనిని సైతము అట్లు కూర్చవచ్చును. దారిలోని చర్మమునకు, మాంసమునకు బాధ లేక, లోతున ఒక్క చోట మాత్రము దాని బలము కూడునట్లు చేయవచ్చును.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1950 ప్రాంతములలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో విలియం ఫ్రై, ఫ్రాన్సిస్ ఫ్రై అను సోదరులు కూర్చిన ధ్వనితో మెదడు లోతులలో పనిచేయ మొదలిడిరి. అట్టి ధ్వని రక్త-మస్తిష్క అవరోధమును మార్చునని 1956లోనే బకాయ్ అను వైద్యుడును ఆయన సహచరులును ప్రకటించిరి. అయినను ఆ విద్య అర్ధశతాబ్దము పాటు ముందునకు సాగలేదు. అందుకు అడ్డములు రెండు.

మొదటిది పుర్రె. ఎముక ధ్వనిని పీల్చును, చెదరగొట్టును. అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి కలదు. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. ఎముకలో అంతకన్న చాల వేగముగా పోవును. పుర్రె అన్నిచోట్ల ఒకే మందము కాదు. ఏ యిద్దరి పుర్రెయు ఒకటి కాదు. కనుక వేరువేరు చోట్ల లోనికి దూరిన తరంగములు ఒకటి ముందు, ఒకటి వెనుక చేరును; ఒక్కచోట కూడవు. ఫ్రై సోదరుల కాలమున పుర్రెలో కొంత ఎముకను తీసి, ఆ గవాక్షముగుండ ధ్వనిని పంపవలసివచ్చెడిది. కత్తి తప్పలేదు.

రెండవ అడ్డము బలము. అవరోధమును తెరువగల ధ్వని, మెదడును గాయపరచెడి ధ్వనికి చాల దగ్గరగా ఉండెడిది. ఒకనాడు తలుపు తెరచుకొనెడిది. మరియొకనాడు గోడ కూలెడిది.

మొదటి చిక్కును విడదీసిన ఉపాయము మన తిరునాళ్ళను జ్ఞప్తికి తెచ్చును. పది యూళ్ళవారు దేవుని ఊరేగింపునకు ఒకే ముహూర్తమునకు చేరవలెనన్న, అందరును ఒకే వేళ బయలుదేరరు. దారి నిదానమైనవారు ముందు బయలుదేరుదురు. వడిగా రాగలవారు కొంత ఆగి బయలుదేరుదురు. అట్లే ఒక్క ధ్వనియంత్రమునకు మారుగా 1,024 చిన్న ధ్వనిజనకములను ఒక శిరస్త్రాణములో పొదిగిరి. రోగి పుర్రెను ముందుగా సి. టి. స్కాను తీసి, ఏ దారిలో ఎముక ఎంత మందమో గణకయంత్రము లెక్కకట్టును. ఆ లెక్క ననుసరించి ఒక్కొక్క జనకమును ఒక్కొక్క క్షణమున కదలించును. అన్ని తరంగములును గమ్యము దగ్గర ఒకే క్షణమున కలిసికొనును. ఈ కృషిలో బోస్టనులోను తరువాత కెనడాలోని టొరంటోలోను పనిచేసిన కుల్లెర్వో హైనినెన్ అను భౌతికశాస్త్రజ్ఞుని పాలు పెద్దది.

రెండవ చిక్కును విడదీసినవి బుడగలు. కుంకుడురసపు నురుగులోని బుడగలను తలచుకొనుడు. వానికన్న ఎన్నియో రెట్లు చిన్నవై, ఎర్రరక్తకణము కన్న చిన్నవై, క్రొవ్వుతోగాని మాంసకృత్తుతోగాని చేసిన పలుచని పొరలో వాయువు నిండిన బుడగలను రక్తములోనికి ఎక్కింతురు. గుండెను శ్రవణాతీత ధ్వనితో స్పష్టముగా చూచుటకై ఇవి ముందే వాడుకలో ఉండినవి. శరీరమంతట తిరిగి, కొలది నిమిషములకు వాయువు ఊపిరితో బయటికి పోవును. అయితే అవి మెదడులో ధ్వని కూడిన చోటునకు వచ్చినప్పుడు ఒక వింత జరుగును. ధ్వని యొత్తిడి పెరిగినప్పుడు బుడగ కుంచించుకొనును, తగ్గినప్పుడు ఉబ్బును. సెకనుకు లక్షల పర్యాయములు ఇట్లు ఊపిరి పీల్చి విడుచునట్లు కదలుచు, సన్నని నాళపు గోడను లోపలి నుండి మెల్లగా తట్టును. గోడ కణముల కుట్లు వదులగును. కణములు తమలోనుండి పదార్థములను ఆవలికి చేరవేయుటయు హెచ్చును. తట్టెడిది బుడగ గనుక, ధ్వనికి కావలసిన బలము అనేక రెట్లు తగ్గిపోయినది.

2001లో హైనినెన్, ఆయన సహచరులు ఈ పద్ధతిని కుందేళ్ళపై చూపిరి. ఎముక చిక్కు రాకుండ ఆ కుందేళ్ళ పుర్రెలో ముందుగనే గవాక్షము చేసియుంచిరి. తలుపు తెరచుకొన్నదని తెలిసికొనుటయెట్లు? ఎం. ఆర్. ఐ. చిత్రమును స్పష్టపరచుటకై గాడోలినియం కలిగిన ద్రావణమును రక్తములో ఎక్కింతురు. అది మామూలుగా మెదడులోనికి పోదు. తెరచిన చోట పోయి, చిత్రములో తెల్లని చుక్కగా వెలుగును. ఎర్లిక్ రంగులు 1885లో మూసిన తలుపును చూపినవి. ఈ వెలుగుచుక్క తెరచిన తలుపును చూపినది. సుబ్బారావుగారి బృందము తయారుచేసిన మందు మొదట పిల్లలకు అందిన బోస్టన్ నగరములోనే ఈ ప్రయోగమును జరుగుట గమనింపదగినది.

కుందేలు నుండి మనిషి వరకు వచ్చుటకు 14 ఏండ్లు పట్టినది. 2015 నవంబరులో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో, టాడ్ మెయిన్‌ప్రైజ్ అను శస్త్రవైద్యుని ఆధ్వర్యమున, మెదడులో కణితి కలిగిన ఒక రోగికి కత్తి పెట్టకయే ఈ అవరోధమును తెరచిరి. డాక్సోరూబిసిన్ అను క్యాన్సరు మందును రక్తనాళములోనికి ఎక్కించి, బుడగలను పంపి, కణితి అంచున ధ్వనిని కూర్చిరి. అట్లు చికిత్స పొందిన ఐదుగురి వివరములు 2019లో ప్రకటింపబడినవి.

ఆ చికిత్స ఎట్లు జరుగునో ఒక్కింత చెప్పెదము. రోగి తల గొరిగి, కదలకుండ ఒక చట్రములో బిగింతురు. చట్రపు మొలలు దిగుచోట చర్మమునకు మత్తుమందు వేయుదురు. కనుక సూది మొన సైతము తగలదని చెప్పరాదు. కాని పుర్రెను తెరచుట లేదు. తలకును శిరస్త్రాణమునకును నడుమ చల్లని నీరు తిరుగుచుండును. రోగి మెలకువగనే ఉండును. ఎం. ఆర్. ఐ. యంత్రములో పరుండబెట్టి, సెకనుకు సుమారు 2 లక్షల 20 వేల కంపనముల ధ్వనిని చిన్నచిన్న విడతలుగా పంపుదురు.

రేడియో శ్రోతలకు ఇందలి ఒక విశేషము నచ్చునని తలంచెదము. ఈ చికిత్సలో వైద్యులు ధ్వనిని పంపుటయే గాక వినుచుందురు కూడ. శిరస్త్రాణములో బుడగల ధ్వనిని పట్టెడి గ్రాహకములుండును. బుడగలు లయ తప్పక కదలుచున్నంతసేపు వాని నుండి ఒక విధమైన స్వరము వచ్చును. ధ్వని మితిమీరినచో బుడగలు ఒక్కసారిగా కూలి పగులును. అప్పుడు స్వరము పోయి, గరగరమను రొద వచ్చును. ఆ రొద నాళము చిట్లునన్న హెచ్చరిక. అది పొడసూపగానే యంత్రము బలమును తగ్గించును. ఈ వినికిడియే లేనిచో దిడ్డి తీయబోయి గోడను కూల్చిన వారమగుదుము.

తెరచిన తలుపు మూసికొనునా? ఈ ప్రశ్నకు 2018లో టొరంటో వైద్యులే సమాధానము చెప్పిరి. నిర్ లిప్స్‌మన్ మొదలైనవారు మతిమరపు వ్యాధియైన ఆల్‌జైమర్స్ కలిగిన ఐదుగురికి మెదడు ముందుభాగమున అవరోధమును తెరచిరి. మందేమియు ఇవ్వలేదు, అపాయము లేక తెరువవచ్చునా, మూసికొనునా అన్నదే వారి పరీక్ష. 24 గంటలలో తలుపులు తమంతట తాము మూసికొన్నవి. 2021లో అదే నగరమున, రొమ్ము క్యాన్సరు మెదడునకు ప్రాకిన నలుగురు స్త్రీలకు ట్రాస్టుజుమాబ్ అను పెద్ద అణువుల మందును ఇచ్చి, దానికి రేడియోధార్మికమైన గుర్తు కట్టి చూడగా, ధ్వని తాకిన చోట మందు హెచ్చుగా చేరినట్లు కనబడినది.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయములో అలీ రెజాయీ, ఆయన సహచరులు ఇంకొక అడుగు వేసిరి. ఆల్‌జైమర్స్ రోగులు ముగ్గురికి అడుకానుమాబ్ అను మందునిచ్చి, మెదడు ఒకవైపున మాత్రము తలుపు తెరచి, రెండవవైపున తెరువక విడిచిరి. 26 వారముల తరువాత, తెరచిన వైపున అమిలాయిడ్ అను మడ్డి సగటున సుమారు 32 శాతము ఎక్కువగా తగ్గినట్లు 2024 జనవరిలో ప్రకటించిరి. ఒకే మనిషి తలలో, ఒకే మందు, తేడా తలుపుదే. కాని ముగ్గురి అనుభవము ముగ్గురిదే. మడ్డి తగ్గినది గాని జ్ఞాపకము తిరిగి వచ్చినదని దాని వలన తేలలేదు. ఆ మందు తయారీని దాని యజమానులు ఆ జనవరిలోనే విరమించుకొనుచున్నట్లు ప్రకటించిరి కూడ.

పారిస్ నగరములో అలెగ్జాండర్ కార్పెంటియర్ మరియొక మార్గము పట్టెను. పుర్రె అడ్డమైనచో, పుర్రెలోనే ఒక చిన్న ధ్వనియంత్రమును అమర్చి, ప్రతిసారి చర్మముగుండ సూదితో దానికి విద్యుత్తు అందించు పద్ధతి అది. 2014లో రోగులపై మొదలైనది. మొదట ఒకసారి శస్త్రచికిత్స తప్పదు. తరువాత మాత్రము ప్రతి విడతయు సులభమగును. ఏది మేలో కాలము తేల్చవలెను.

అపాయములను దాచరాదు. బలము మించినచో చిన్నచిన్న రక్తస్రావములు కలుగవచ్చును. తలుపు తెరచిన చోట కొంత వాపు పుట్టవచ్చును. మాటిమాటికి తెరచినచో దీర్ఘకాలమునకు ఏమగునో ఏండ్ల తరబడి గమనింపవలెను. అన్నిటికన్న ముఖ్యమైన మాట ఒకటి. మందు లోనికి చేరుట వేరు, రోగము నయమగుట వేరు. దిడ్డి తెరచినంత మాత్రమున యుద్ధము గెలిచినట్లు కాదు. లోనికి పంపిన సైనికుడు సమర్థుడు కావలెను. ఈ పద్ధతి ఇంకను పరిశోధన దశలోనే కలదు. చేతివణుకునకు ఇదే శిరస్త్రాణముతో, ధ్వని వేడిమిచే ఒక చిన్న బిందువును మాడ్చెడి చికిత్సను అమెరికా ప్రభుత్వము 2016లో ఆమోదించినది. అది వేరు, అవరోధమును తెరచుట వేరు. రెంటిని ఒకటిగా తలంచి మోసపోరాదు.

ఈ మాట మేము నొక్కి చెప్పుటకు కారణము కలదు. ఇంటిలో మెదడు కణితితో ఒకరు మంచము పట్టియున్నప్పుడు, దూరదేశమున ఒక క్రొత్త వైద్యము వచ్చినదని విన్న కుటుంబము పొలము తాకట్టు పెట్టుటకైనను సిద్ధపడును. అట్టివారిని మేమెరుగుదుము. వారి ప్రేమను తప్పుపట్టజాలము. కాని నేటి స్థితిలో పొలము తాకట్టు పెట్టి కొనదగిన చికిత్స కాదిది. పరిశోధనలో పాల్గొనువారిని వైద్యులు నియమముల ననుసరించి ఎన్నుకొందురు. రోగిని చూచుచున్న వైద్యుని అడిగి తెలిసికొనుటయే తగిన దారి. ఆశ ఉంచుకొనవచ్చును, తొందర కూడదు.

ఆ తల్లి మరల కనబడినచో మేమిట్లు చెప్పుదుము: "అమ్మా, నెత్తురు తలకూ పోతుంది. కానీ నీ బిడ్డ మెదడుకు గట్టి కావలి ఉంది. అది మంచిదే. ఆ కావలిని దాటించడానికే వెన్నులో సూది. నీ బిడ్డ జబ్బుకు ఇప్పటికి అదే సరైన దారి." లోతున కణితి కలిగిన వేరొక బిడ్డ తల్లి అడిగినచో ఇంతటి నిశ్చయముతో చెప్పుటకు నేడు మాకు మాట లేదు. ఆ మాటను సంపాదించుటకే పెక్కు నగరములలో వైద్యులు చెవికి వినరాని ధ్వనిని పంపి, బుడగల స్వరమును శ్రద్ధగా వినుచు కూర్చున్నారు.